ఆదివారానికో పాపి

ఉదయం తొమ్మిదీ ఇరవై.

ఆరాధన గంట మోగడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఆ నలభై నిమిషాల్లో ఒక్క పాపి దొరక్కపోతే లంగరుపాలెం చర్చికి తాళం పడుతుంది.

పాస్టరు నెహెమ్యా గేటు దగ్గర నిలబడ్డాడు. తెల్లటి అంగీ చెమటకి వీపుకి అంటుకుపోయింది. లోపలికి వస్తున్న ప్రతి మొహంలోకీ ఆశగా చూస్తున్నాడు. వచ్చేవాళ్ళందరూ మంచివాళ్ళే. అదే ఆయన దురదృష్టం.

"ఏం అయ్యగారూ, దొరికాడా?" అంది దీనమ్మ. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. చేతిలో తాటాకు విసనకర్ర, చంకలో పాటల పుస్తకం.

"లేదమ్మా."

"నేనున్నాను కదా అంటే ఆ ఆఫీసరు ఒద్దన్నాడు. నావన్నీ డెబ్బై ఏళ్ళనాటి పాపాలంట, చెల్లవంట. నా శవపెట్టి ఈ గుమ్మంలోంచే బయటికి పోవాలని అరవై ఏళ్ళబట్టి చూస్తున్నాను. తాళం వేస్తే ఎక్కణ్ణించి పోతుందయ్యా, తుపాను షెల్టరు మెట్లమీంచా?"

నెహెమ్యా రోడ్డు వేపు మెడ చాచి చూశాడు. పాపి జాడ లేదు.

ఈ ఇబ్బంది ఎలా వచ్చిందో తెలియాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్ళాలి.

లంగరుపాలెం ఒకప్పుడు ఓడరేవు. సముద్రం రెండు మైళ్ళు వెనక్కి పోయింది. ఓడలు అంతకంటే ముందే పోయాయి. మిగిలింది చర్చి. దాన్ని కట్టించినవాడు డంకన్ అనే ఓడ కెప్టెను. ఊరి నోట్లో డంకా దొర అయ్యాడు. స్కాట్లండులో తన ఊరి చర్చి మీద బెంగపెట్టుకుని, అచ్చం అలాంటిదే ఇక్కడ కట్టించాడు.

అచ్చం అంటే అచ్చమే. అక్కడ మంచు కురుస్తుంది కాబట్టి అది జారిపోవడానికి కప్పు బాగా ఏటవాలుగా ఉంటుంది. ఇక్కడా అంతే. అక్కడ ఉత్తరపు గాలి ఎముకలు కొరుకుతుంది కాబట్టి ఆ గోడకి కిటికీలుండవు. ఇక్కడా లేవు. కాళ్ళకి చలి తగలకుండా అక్కడ బెంచీల చుట్టూ నడుమెత్తు చెక్కలు బిగించి చిన్న తలుపు పెడతారు. ఇక్కడా పెట్టారు. ఎండాకాలంలో లంగరుపాలెం క్రైస్తవులు కుటుంబానికో పెట్టెలో కూర్చుని ఉడుకుతారు. రెండు పక్క గోడలూ పైకి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా సన్నబడతాయి. వాటిని ఆ దేశంలో కాకిమెట్లు అంటారట. ఆ సంగతి ఎవరూ చెప్పకపోయినా లంగరుపాలెం కాకులు వాటిమీదే కూర్చుంటాయి. పడమటి కొసన పంజరంలాంటి చిన్న రాతిగూడు, అందులో గంట. లోపల ఒక ఇనప పొయ్యి. పొడుగు గోడ మధ్యలో, ఆరడుగుల ఎత్తున, నెత్తిన చెక్క గొడుగుతో ప్రసంగ వేదిక.

ఆ వేదిక కింద అడుగెత్తు అరుగు. అరుగు మీద, సంఘానికి ఎదురుగా, ఒక నల్ల బల్ల.

అందరికంటే ఎత్తులో, అందరికీ కనబడేలా, అందరికీ ఎదురుగా ఉన్న ఆసనం ఎవరికోసం? లంగరుపాలెంలో ఈ ప్రశ్న ఎవరికీ రానే లేదు. ముఖ్య అతిథికి! దొర వెళ్ళిపోయిన దగ్గర్నించీ కలెక్టర్లూ, ఎమ్మెల్యేలూ, ఒక బిషప్పుగారూ మెడలో దండలతో ఆ బల్లమీదే కూర్చున్నారు. పెళ్ళికొడుకులూ దానిమీదే కూర్చున్నారు.

అంతా సవ్యంగా ఉండగా, ఒక ఏప్రిల్ సోమవారం నాడు పురాకట్టడాల సజీవ సంరక్షణ మండలి నుంచి సహాయ సంచాలకుడు కోదండపాణి జీపు దిగాడు. పొడుగాటి మనిషి. మెడ మీద తల ఫైలు మీద పేపర్‌వెయిట్‌లా కదలకుండా ఉంటుంది. చంకలో డంకా దొర గీయించిన అసలు పటం నకలు ఉంది.

"ఈ కట్టడమునందు ఇరువది మూడు అంగములు గలవు," అన్నాడు. "సజీవ సంరక్షణ నియమావళి ప్రకారం ప్రతి అంగము తన మూల ప్రయోజనము మేరకు వినియోగంలో ఉండవలెను. వినియోగంలో లేని అంగము మృతాంగము. మృతాంగము గల కట్టడము ప్రదర్శనశాల."

"అంటే ఏంటండీ?" అన్నాడు ఏబేలు. చర్చికి గంట కొట్టేదీ, ఊడ్చేదీ, తాళాలు దాచేదీ అతనే.

"తాళం వేసి, టిక్కెట్టు పెడతాము. ఆరాధన కొరకు తుపాను షెల్టరు పైగది కేటాయించబడును."

నెహెమ్యా ఒక అడుగు ముందుకేశాడు. "మేము అన్నీ వాడుతున్నామండీ."

"చూచెదము. అంగము ఆరు, మంచుకప్పు. మంచు తొలగింపు రిజిస్టరు ఏది?"

"ఇక్కడ మంచు పడదండీ."

"పడనిచో ప్రతిదినము 'నిల్' అని నమోదు చేయవలెను. మంచు లేకపోవుట వేరు, రిజిస్టరు లేకపోవుట వేరు." కోదండపాణి కాగితం మీద ఒక గీత గీశాడు. "అంగము పదకొండు, ఇనుప పొయ్యి. ప్రతి ఆరాధనయందు వెలిగించవలెను."

"ఏప్రిల్ నెలలోనా అండీ?"

"నియమావళిలో నెలల ప్రస్తావన లేదు."

ఏబేలు నెహెమ్యా వంక చూశాడు. నెహెమ్యా నేల వంక చూశాడు.

"అంగము పదిహేడు." కోదండపాణి నల్ల బల్ల ముందు ఆగాడు. పటంలో అంకె చూసి, వెనక ఉన్న జాబితా తిప్పి, గొంతు సవరించుకున్నాడు. "పశ్చాత్తాప పీఠము. సంఘమునందు తప్పు చేసినవానిని ఆరాధన ముగియువరకు అందరికీ అభిముఖముగా కూర్చుండబెట్టుటకు."

పైన కాకి ఒకటి అరిచింది.

ఏబేలు వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు. "ఇద్దరు కలెక్టర్లు... ముగ్గురు ఎమ్మెల్యేలు... బిషప్పుగారు..."

"ఊరుకో ఏబేలూ!"

"మీ పెళ్ళిలో మీరూ కూర్చున్నారండి, అయ్యగారు."

కోదండపాణి ఇదంతా వినిపించుకోలేదు. "రాబోవు ఎనిమిది ఆదివారములు వరుసగా, ఆదివారమునకొక పాపి చొప్పున, ఈ పీఠము వినియోగించవలెను. పేరు, పాపము, ఇద్దరు సాక్షులు, పాపి సంతకము, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ. ఒక్క ఆదివారము తప్పినా తాళము."

"ఏ పాపమైనా పరవాలేదాండీ?" అన్నాడు ఏబేలు.

"దొర జాబితాలో ఆరు పాపములు గలవు. ఆదివారము వల వేయుట. ఆదివారము బావినుండి నీరు తోడుట. పొరుగువారిని దూషించుట. మద్యము సేవించి వచ్చుట. తూకమందు మోసము. ప్రసంగ సమయమందు నిద్రించుట. ఏడవ పాపమునకు మంజూరు లేదు."

ఆ సాయంత్రమే సంఘ పెద్దలు సమావేశమయ్యారు. ప్రార్థనతో మొదలుపెట్టారు. ప్రార్థనలో ఒక్కొక్కరూ "ప్రభువా, నేను ఘోరపాపిని, నావంటి పాపి ఈ లోకంలో లేడు" అని కన్నీళ్ళతో ఒప్పుకున్నారు. ఆమెన్ అయ్యాక నెహెమ్యా అడిగాడు, "ఆదివారం ఎవరు కూర్చుంటారు?"

ఒకాయనకి ఆ రోజు రాజమండ్రిలో పని ఉంది. ఒకాయనకి నడుంనొప్పి. మూడో ఆయన, "మన ఇంటావంటా లేదండీ," అన్నాడు.

మొదటి ఆదివారం ఏబేలే కూర్చున్నాడు. ప్రతి ఆదివారం చర్చి మొక్కలకి బావినీళ్ళు తోడేది అతనే. కోదండపాణి సంతకం చేస్తూ, "ఈ పాపి మరల చెల్లడు. పాపావకాశము అందరికీ సమానముగా దక్కవలెను," అని ఎర్ర సిరాతో రాశాడు.

రెండో ఆదివారానికి రూతమ్మ, శాంతమ్మ దొరికారు. పక్క పక్క ఇళ్ళు. మధ్యలో మునగచెట్టు. పదకొండేళ్ళుగా తిట్టుకుంటున్నారు.

"పాపిష్టిది అదండీ, నేను కాదు," అంది రూతమ్మ.

"అదిగో, ఇప్పుడూ తిట్టింది, రాసుకోండి అయ్యగారు!" అంది శాంతమ్మ.

ఇద్దర్నీ ఒకే బల్లమీద కూర్చోబెట్టారు. పొయ్యి సెగకి ఇద్దరికీ కళ్ళు తిరిగాయి. ఒకరికొకరు కొంగుతో విసురుకున్నారు. ఆరాధన అయ్యేసరికి కలిసి ఇంటికి వెళ్ళారు, మునక్కాడలు సగం సగం పంచుకున్నారు. సంఘానికి సంతోషమే కానీ, నెహెమ్యాకి మాత్రం నమ్మకమైన పాపులిద్దరు పోయారు.

మూడో వారం పేపరువాళ్ళు వచ్చారు. "పశ్చాత్తాపానికి పాత బల్ల" అని ఫోటో వేశారు. దాంతో గాలి తిరిగింది. నల్ల బల్లమీద కూర్చుంటే మనసు తేలికపడుతుందనీ, పనులు అవుతాయనీ పుట్టింది. పక్కూళ్ళ నించి ఆటోలలో పాపులు దిగారు. బల్లమీద కూర్చుని ఫోన్లో ఫోటోలు తీసుకున్నారు. సిఫార్సులు మొదలయ్యాయి. ఒకతను ఒక నాయకుడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం పట్టుకొచ్చాడు: "ఈ లేఖ తెచ్చు వ్యక్తి నాకు చిరకాలముగా తెలియును. మంచి పాపి. తగిన అవకాశము కల్పించగలరు."

"సిఫార్సు ఉన్నవాణ్ణి కూచోబెడదామా, నిజంగా తాగొచ్చినవాణ్ణి కూచోబెడదామా అండీ?" అన్నాడు ఏబేలు.

"ఇద్దరూ ఒకడే, ఏబేలూ. వాసన చూడు."

మహిళా సమాజం వాళ్ళు వచ్చి, అయిదు వారాల్లో ఆడవాళ్ళకి ఒక్కసారే అవకాశం ఇచ్చారనీ, అదీ ఇద్దరికి కలిపి ఒక బల్ల ఇచ్చారనీ అభ్యంతరం చెప్పారు. ఆరో ఆదివారం తూకంలో మోసం చేసే చేపల సుగుణమ్మని వాళ్ళే స్వయంగా ఊరేగింపుగా తెచ్చారు. సుగుణమ్మ దండ వేయించుకుని మరీ కూర్చుంది.

ఇదంతా మండలికి తెలిసింది. మండలి ఊరుకోలేదు. ఏడో వారం కోదండపాణి సవరణ ఉత్తర్వు తెచ్చాడు.

"నకిలీ పాపుల బెడద ఎక్కువైనట్లు మా దృష్టికి వచ్చినది. ఇకపై పాపి స్థానికుడై ఉండవలెను. పాపము గత ఏడు దినములలో చేసినదై ఉండవలెను. సాక్షులు కన్నులారా చూచినవారై ఉండవలెను. స్వయముగా ఒప్పుకొన్న పాపము చెల్లదు."

"ఒప్పుకుంటే చెల్లదాండీ? పశ్చాత్తాపం అంటేనే..."

"ఒప్పుకొనుటలో స్వార్థము ఉండవచ్చును."

దీనమ్మ దరఖాస్తు తిరస్కరించింది ఆ రోజే. ఏడో ఆదివారానికి అతికష్టం మీద, వల భుజాన వేసుకుని పోతున్న ఒక ముసలాయన్ని ఏబేలు కాలవగట్టు మీద పట్టుకొచ్చాడు. ఆ తరవాత అసలు ఇబ్బంది మొదలైంది.

ఊరు బాగుపడింది.

బల్లకి భయపడి ఆదివారం ఎవరూ వల ముట్టలేదు. శనివారమే కుండలు నింపుకున్నారు. సుగుణమ్మ కొత్త తక్కెడ కొంది. తాగేవాళ్ళు సోమవారానికి మారారు. ప్రసంగంలో కునుకు పడుతుందేమోనని సంఘం మొత్తం కణతలకి తలనొప్పి మందు రాసుకొచ్చి, కళ్ళనీళ్ళు కారుస్తూ, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది. నెహెమ్యా ఇరవై ఏళ్ళ ప్రసంగాలు చెయ్యలేని పని ఒక రిజిస్టరు ఏడు వారాల్లో చేసింది.

ఎనిమిదో ఆదివారానికి లంగరుపాలెంలో అర్హుడైన పాపి ఒక్కడూ మిగల్లేదు.

అలా వచ్చింది ఆ తొమ్మిదీ ఇరవై.

తొమ్మిదీ యాభైకి రెండు కార్లు వచ్చి గేటు ముందు ఆగాయి. మొదటి దాంట్లోంచి కోదండపాణి దిగి, పరిగెత్తి రెండో దాని తలుపు తీశాడు. అందులోంచి మండలి మహాసంచాలకుడు విరూపాక్షంగారు దిగారు. భారీ మనిషి. పొద్దున్నే రెస్ట్‌హౌసులో పెసరట్టు ఉప్మా, దానిమీద బొబ్బట్లు తిని వచ్చారు. ఆ సంగతి నడకలో తెలుస్తోంది.

"తుది ధ్రువీకరణకి సార్ స్వయముగా వేంచేసినారు," అన్నాడు కోదండపాణి. "పాపి సిద్ధమేనా?"

"వస్తున్నాడండీ," అన్నాడు నెహెమ్యా. పాస్టరుగా ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది. దొర జాబితాలో అబద్ధం లేదు కాబట్టి దానికీ విలువ లేకపోయింది.

లోపల పొయ్యి భగభగమంటోంది. విరూపాక్షంగారు గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. కుటుంబానికో పెట్టెలో సంఘం కూర్చుని ఉంది. ఆయన చూపు వాటిమీంచి దాటిపోయింది. ఎదురుగా, అందరికంటే ఎత్తున, అందరికీ కనబడేలా ఒక నల్ల బల్ల ఉంది. ఖాళీగా ఉంది.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఆయనకి తన కుర్చీ ఎవరూ చూపించనక్కర్లేకపోయింది. నేరుగా నడిచి వెళ్ళి కూర్చున్నారు.

కోదండపాణి నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. "సార్, అది పాపుల బల్ల" అని పై అధికారికి విన్నవించుకోడానికి ఏ ఫారమూ లేదు. వెళ్ళి ఒక పెట్టెలో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

ఏబేలు అలవాటుగా దండ తెచ్చి వేశాడు.

నెహెమ్యా వేదిక మెట్లెక్కాడు. ఆరోజుకి ఆయన సిద్ధం చేసుకున్నది పొరుగువాడి మీద ప్రేమ గురించి. ఇరవై నిమిషాలు. మంచి ప్రసంగం, మధ్యలో రెండు నవ్వించే మాటలు కూడా ఉన్నాయి. కిందికి చూశాడు. సరిగ్గా ఆయన కాళ్ళ కింద విరూపాక్షంగారి బట్టతల నిగనిగలాడుతోంది. ఆ తల ఒకసారి ముందుకి ఒరిగి, ఉలిక్కిపడి లేచింది.

నెహెమ్యా చెయ్యి ఆగింది.

ఆరో పాపం!

ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఉదయం," అన్నాడు మెల్లగా, జోలపాడే గొంతుతో, "వంశావళులు ధ్యానిద్దాం. మొదటినుంచీ."

పేర్లు తప్ప ఇంకేమీ లేని అధ్యాయాలు తెరిచాడు. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను. వాడు ఇంకొకణ్ణి కనెను. ఒక పేరుకీ ఇంకో పేరుకీ మధ్య ఊపిరి తీసుకున్నాడు. తొందర లేదు.

పది నిమిషాలు. విరూపాక్షంగారి గడ్డం దండలోకి దిగింది. పైకి లేచింది.

నెహెమ్యా పన్నెండు గోత్రాలు దాటాడు. ఏబేలు ఆయనకేసి చూశాడు, బల్లకేసి చూశాడు, చప్పుడు కాకుండా వెళ్ళి పొయ్యిలో సరుగుడు దుంగలు పడేశాడు. ఉత్తరపు గోడకి కిటికీ లేదు కదా, సెగ ఎక్కడికీ పోలేదు.

ఇరవై నిమిషాలు. విరూపాక్షంగారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. మంచినీళ్ళు తాగారు. కళ్ళు పెద్దవి చేసి కూర్చున్నారు. నెహెమ్యాకి గొంతు ఎండుతోంది. ఇంకో మూడు అధ్యాయాలే మిగిలాయి.

ముప్పై అయిదు నిమిషాలు. అందరూ మెలకువగానే ఉన్నారు. నూట పద్నాలుగు మంది కళ్ళార్పకుండా ఒక్క మనిషి కనురెప్పలకేసి చూస్తున్నారు. దగ్గుతున్నవాడి నోరు రూతమ్మ చేత్తో మూసింది.

నలభై రెండో నిమిషంలో, ఒక పొడుగాటి పేరు మధ్యలో, బల్లమీంచి గురక వినిపించింది. మొదట పిల్లి గురకలా. తరవాత లాంచీ ఇంజనులా.

నెహెమ్యా గ్రంథం మూశాడు. మెట్లు దిగి, రిజిస్టరు పట్టుకుని, కోదండపాణి పెట్టె తలుపు తట్టాడు.

"అంగం పదిహేడు అండీ. పాపం ఆరు. ఈ ఏడు రోజుల్లోనిదే. ఒప్పుకున్నది కాదు. సాక్షులు ఇద్దరు కావాలన్నారు, నూట పద్నాలుగు మంది ఉన్నారు. మీ గెజిటెడ్ సంతకం కావాలి."

కోదండపాణి మొహం పాలిపోయింది. "ఆయన స్థానికుడు కారు!"

"నిన్న రాత్రి నించీ మన ఊరి రెస్ట్‌హౌసులోనే బస. మీ ఉత్తర్వులో ఎన్నాళ్ళుండాలో లేదండీ."

"ఆయన మహాసంచాలకులు!"

"నియమావళిలో హోదాల ప్రస్తావన లేదండీ," అన్నాడు నెహెమ్యా.

కోదండపాణి ఆ వాక్యం విన్నాడు. అది తన వాక్యమే. దానికి జవాబు లేదని ఆయనకి ముందే తెలుసు. నియమం ఒక పక్క, పై అధికారి ఒక పక్క. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ రెండూ వేరువేరు పక్కల నిలబడ్డాయి. చెయ్యి నియమం వేపు అలవాటుగా కదిలింది. సంతకం చేశాడు. చేశాక ఆ చేతికేసి ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

ఆఖరి పాట ఎత్తుకోగానే విరూపాక్షంగారు లేచారు. "అద్భుతం," అన్నారు. "ఎంత ప్రశాంతత! ఎక్కడ సంతకం పెట్టాలి?"

ఏబేలు రిజిస్టరు చాపి వేలు పెట్టాడు. "ఇక్కడండీ."

విరూపాక్షంగారు చదవలేదు. చదివి సంతకం పెట్టే అలవాటు ఆయనకి లేదు. 'పాపి సంతకం' అన్న గడిలో పొడుగ్గా సంతకం చేసి, కింద హోదా రాసి, "సంతృప్తికరము" అని జోడించారు.

ఎనిమిదికి ఎనిమిది ఆదివారాలు పూర్తయ్యాయి. చర్చికి తాళం పడలేదు.

పదిహేనో రోజున మండలి నుంచి సీలు వేసిన కవరు వచ్చింది. రిజిస్టరు నకలు ఎవరో పైన చదివినట్టున్నారు. "అంగము పదిహేడు అనాదిగా ముఖ్య అతిథుల ఆసనముగా వినియోగములో ఉన్నట్లు తాజా పరిశోధనలో తేలినది. పశ్చాత్తాపము అనునది దొరవారి పొరపాటు. సదరు రిజిస్టరును తక్షణము సమర్పించి మరచిపోగలరు."

ఊరు పండగ చేసుకుంది. తలనొప్పి మందు వాసన పోయింది. రూతమ్మా శాంతమ్మా మళ్ళీ తిట్టుకోవడం మొదలుపెట్టారు. మంచు రిజిస్టరు మాత్రం రద్దు కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ రిజిస్టరులో 'నిల్' రాయడానికి ఏబేలు చర్చిలోకి వచ్చాడు. నల్ల బల్లమీద నెహెమ్యా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఖాళీ పెట్టెలు.

"ముఖ్య అతిథిగా కూర్చున్నారా అయ్యగారు, దొర పద్ధతిలోనా?"

"దొర పద్ధతిలోనే. దేవుడి వాక్యాన్ని నిద్రమాత్రలా వాడాను, ఏబేలూ. దొర జాబితాలో లేదుగానీ, నాకు తెలుసు కదా."

ఏబేలు అరుగు దగ్గరికొచ్చాడు. రిజిస్టరు కింద పెట్టాడు. "కొంచెం జరగండి."

"నువ్వెందుకూ?"

"పొయ్యిలో రెండు దుంగలు చాలునండి ఆ రోజు. నేను ఆరు వేశాను."

నెహెమ్యా జరిగాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పైన కాకిమెట్ల మీద కాకులు గోల చేస్తున్నాయి. ఇంతలో గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది. దీనమ్మ. కర్ర ఒక చేతిలో, తాటాకు విసనకర్ర ఇంకో చేతిలో. వీళ్ళని చూసి ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. మెల్లగా వచ్చి అరుగెక్కింది.

"ఇంకాస్త జరగండర్రా."

"నీకేమైందమ్మా?" అన్నాడు నెహెమ్యా. "నీవన్నీ పాతవి కదా."

"ఆ లావుపాటాయనకి దగ్గిర పెట్టె నాదే," అంది దీనమ్మ, వాళ్ళిద్దరి మధ్యా సర్దుకుంటూ. "నలభై నిమిషాలు చెయ్యి మార్చకుండా విసిరాను, చంటిబిడ్డకి విసిరినట్టు. మీ పేర్లకే పడుకున్నాడనుకున్నారా?"

ముగ్గురికీ ఆ బల్ల కాస్త ఇరుకే. దీనమ్మ విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, తృప్తిగా వెనక్కి ఆనుకుంది.

"ఇది తాజాది. చెల్లుతుంది."